పస్తును ఉపవాసమని చెప్పిన సేవకునికి

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. నా వయసు 42 ఏళ్లు. పుత్తూరుకూ నగరికీ మధ్య ఉన్న ఒక పల్లెలో 11 ఏళ్లుగా సంఘ పరిచర్య చేస్తున్నాను. అంతకు ముందు పవర్‌లూమ్ షెడ్లలో మగ్గాలు రిపేరు చేసేవాణ్ణి. సంఘంలో ఉన్న 30 మందిలో చాలామంది ఆ మగ్గాల మీద కూలికి పోయేవాళ్లే కాబట్టి నెల కానుకలు ఐదారు వేలు దాటవు. మందిరం రేకుల కోసం నా భార్య కమ్మలు బ్యాంకులో కుదువ పెట్టాము. పాప ఇంటర్ ఫీజు బాకీ ఉంది. మొన్న మధ్యాహ్నం ఒక విశ్వాసి ఇంటికి వచ్చి, పొయ్యి వెలగలేదేమని అడిగితే, ఈ రోజు మా ఇంట్లో ఉపవాస ప్రార్థన అని చెప్పాను. నిజానికి బియ్యం లేవు. నేను బాప్తిస్మమిచ్చి వాక్యం నేర్పిన కుర్రవాడు ఇప్పుడు తిరుపతిలో పెద్ద సంఘం నడుపుతున్నాడు. యూట్యూబ్‌లో వేలమంది అతని ప్రసంగాలు వింటారు. మా సంఘంలోని రెండు కుటుంబాలు అక్కడికే వెళ్లిపోయాయి. విదేశీ సహాయం తెప్పిస్తానంటున్న ఒకాయన నెలకు 8,000 రూపాయలు ఇస్తాననీ, నెలనెలా పది బాప్తిస్మాల ఫోటోలతో రిపోర్టు పంపాలనీ, పాత ఫోటోలైనా ఫరవాలేదనీ అంటున్నాడు. చుట్టుపక్కలవాళ్లు మైకు గురించి గొడవ చేస్తున్నారు. మూడు నెలలుగా సరిగా నిద్ర లేదు. ప్రభువు నన్ను తీసుకుపోతే బాగుండునని ఒక్కోసారి అనిపిస్తోంది. తగ్గించుకొని, నమ్మకంగా ఉండాలంటే ఇంకా ఎంత ఓర్చుకోవాలి? మళ్లీ షెడ్డుకు పోతే దేవుని సేవను విడిచినట్టేనా? ఈ ఉత్తరం సంగతి నా భార్యకు తెలియదు.

సమాధానం: సహోదరునికి వందనాలు. మీ ఉత్తరంలో మీరు చివరికి తోసి, రెండు వాక్యాల్లో దాటేసిన సంగతిని నేను ముందుకు తెస్తున్నాను. మూడు నెలలుగా నిద్ర లేదన్నారు, ప్రభువు తీసుకుపోతే బాగుండునన్నారు. ఏలీయా కూడా బదరీవృక్షం కింద కూర్చుని ఇదే మాట అడిగాడు. రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయాన్ని మనం ఎన్నోసార్లు బోధించి ఉంటాము గాని, అక్కడ దేవుడు చేసిన పనుల వరుసను తీరికగా గమనించినవాళ్లం తక్కువ. ఆయన ఏలీయాను మందలించలేదు, విశ్వాసం చాలలేదని అనలేదు, కొత్త పని కూడా వెంటనే అప్పగించలేదు. నిద్రపోనిచ్చాడు, దూత చేత లేపించి కాల్చిన రొట్టె, నీళ్లు ఇప్పించాడు, మళ్లీ నిద్రపోనిచ్చి మళ్లీ తినిపించాడు. ‘ఇక్కడ నీవేమి చేయుచున్నావు’ అన్న ప్రశ్న హోరేబు కొండ దగ్గర, నలభై రోజుల నడక తరువాత గాని రాలేదు. అందుచేత మీ మిగిలిన ప్రశ్నలకు నేను చెప్పే జవాబుల కన్నా ముందు, ఈ వారంలోనే మీరు తిరుపతి రుయా ఆస్పత్రికి వెళ్లి మానసిక వైద్య విభాగంలో చూపించుకోవాలి. బస్సు ఛార్జీకి కూడా ఇబ్బందిగా ఉంటే 14416 నంబరుకు ఫోను చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ, ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు. షుగరు మాత్ర వేసుకుని ప్రసంగపీఠం ఎక్కేవాళ్లం మనలో చాలామందిమి ఉన్నాము, దానిని ఎవరూ అవిశ్వాసం అనలేదు. నిద్ర పట్టడానికి వైద్యుడు ఇచ్చే మాత్రకు మాత్రం వేరే వేదాంతం ఎందుకు? ఒకవేళ ఆ ఆలోచన, ప్రాణం తీసుకుందామన్న వైపుగా ఎప్పుడైనా మళ్లితే, ఆ క్షణమే మీ భార్యకు చెప్పండి, ఒంటరిగా ఉండకండి.

ఇక పొయ్యి వెలగని రోజు సంగతి. మీరు దానిని ఓర్పుకు గుర్తుగా రాశారు. నాకు అలా కనబడలేదని చెప్పడానికి సంకోచిస్తున్నాను గాని, చెప్పకపోతే మీరు ఉత్తరం రాసి ప్రయోజనం లేదు. ఉపవాసం ఉన్నవాడు ఆ సంగతి మనుషులకు కనబడకుండా తల అంటుకొని ముఖం కడుక్కోవాలని ప్రభువు నేర్పాడు. మీరు దానిని తిరగేసి, లేని ఉపవాసాన్ని ఉన్నట్టు చూపారు. మన రాయలసీమలో గుట్టుగా బతకడం గొప్ప గుణం. ఇంట్లో గింజ లేకపోయినా గడప బయట నిలబడి ‘ఇప్పుడే తిన్నాము’ అని చెప్పే తల్లుల చేతుల్లో మనమందరం పెరిగాము. ఆ గుట్టు వెనుక పిల్లల పట్ల ఉన్న ప్రేమను నేను తక్కువ చేయను. అయితే సేవకుని నోట అదే మాట వచ్చినప్పుడు, దానికి భక్తి రంగు పూసినప్పుడు, అది మింగ మెతుకు లేకున్నా మీసాలకు సంపెంగ నూనె రాసుకోవడమే అవుతుంది. కటువుగా అన్నానని నొచ్చుకోకండి. నేను కూడా ఆ నూనె చాలా కాలం రాసుకున్నవాణ్ణే.

మనం తగ్గింపు అని పిలుచుకునే దానిలో సగం, లోతుగా చూస్తే, ఎవరి దగ్గరా చెయ్యి చాచని అభిమానమే. పౌలు చెరలో నుండి ఫిలిప్పీ సంఘానికి రాసిన పత్రిక చివరి అధ్యాయం చూడండి. దీనస్థితిలో ఉండటమూ, సంపన్నస్థితిలో ఉండటమూ నేర్చుకున్నానని చెప్పిన ఆయనే, వెంటనే, మీరు నా శ్రమలో పాలుపుచ్చుకోవడం మంచి పని అని వారిని మెచ్చుకున్నాడు. ఎపఫ్రొదితు చేత వచ్చిన వస్తువులు అందాయని, రసీదు ఇచ్చినట్టుగా రాశాడు. తనకు అవసరం లేదని బింకం చూపలేదు, అవసరాన్ని అడ్డం పెట్టుకొని వారిని పిండలేదు. మీ ఇంటికి వచ్చిన ఆ విశ్వాసి మగ్గం కూలి మనిషే కావచ్చు. అతని ఇంట్లో ఆ పూట రెండు గ్లాసుల బియ్యం ఉండి ఉండవచ్చు. అవి మీకు ఇచ్చే అవకాశం అతనికి లేకుండా చేశారు. ముప్పై మందికీ మీ ముందు తమ ఆకలి చెప్పుకునే స్వేచ్ఛ ఉంది, మీకు మాత్రం వాళ్ల ముందు ఆ స్వేచ్ఛ లేదు. అలాంటప్పుడు మీరు వాళ్ల కన్నా ఒక మెట్టు పైన నిలబడినట్టే కదా. పస్తుండి కూడా మనిషి ఆ పై మెట్టు మీద నిలబడగలడు.

‘గృహనిర్వాహకులలో ప్రతివాడును నమ్మకమైనవాడై యుండుట అవశ్యము’ అని పౌలు రాసిన మాటను మీరు కూడా ఉత్తరంలో తలుచుకున్నట్టే ఉంది. గృహనిర్వాహకుడంటే యజమాని సొత్తుకు లెక్క చూసేవాడు. అతని నమ్మకత్వం కన్నీళ్లతోనో, ఎన్నేళ్లు కష్టపడ్డాడన్న దానితోనో తేలదు, చెప్పిన లెక్క నిజమా కాదా అన్న దానితో తేలుతుంది. మీరు అడిగినవన్నీ, నా దృష్టికి, ఈ ఒక్క లెక్క దగ్గరికే వస్తున్నాయి: ఇంట్లో బియ్యం లేవన్న లెక్క, బాప్తిస్మాలు ఎన్నన్న లెక్క, వెళ్లిపోయిన కుటుంబాలు ఎవరివన్న లెక్క. ఎంత ఓర్చుకోవాలని అడిగారు. అబద్ధం అవసరమయ్యేంత ఓర్పు దేవుడు ఎవరినీ అడగలేదు.

షెడ్డుకు పోవచ్చునా అన్నదానికి నా జవాబు సూటిగా ఉంటుంది: పొండి. వారానికి మూడు, నాలుగు రోజులు స్పానరు పట్టండి. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లల ఇంట ఉండి డేరాలు కుట్టాడు, విశ్రాంతిదినాన సమాజమందిరంలో బోధించాడు. ఆ తరువాత మాసిదోనియ నుండి సీల, తిమోతి వచ్చినప్పుడు పూర్తిగా వాక్యానికే పూనుకున్నాడు. అదే ఊళ్లో, అదే మనిషి, పరిస్థితిని బట్టి రెండు విధాలుగానూ సేవ చేశాడు. సువార్త ప్రకటించేవారు సువార్త వలన బతకాలన్న ప్రభువు నియమాన్ని ఆయనే కొరింథీయులకు రాశాడు, ఆ హక్కును తానుగా వాడుకోలేదని కూడా అదే అధ్యాయంలో రాశాడు. ఎవరో ఒకరు తప్పకుండా మీకు ‘నాగటిమీద చెయ్యిపెట్టి వెనుక చూచువాడు’ అన్న వచనం అప్పజెబుతారు. తిమోతికి రాసిన మొదటి పత్రికలో, తన ఇంటివారిని సంరక్షించనివాడు అవిశ్వాసి కన్నా చెడ్డవాడన్న మాట ఉంది, దానిని కూడా చదవమని వారికి వినయంగా చెప్పండి. కూతురి ఫీజు కట్టడానికి పనికి పోవడం వెనుదిరగడం కాదు.

ఇందులో ఇంకొక లాభం కూడా ఉందని నేననుకుంటాను. కరెంటు పోయిన గంటలకు కూలి ఉండదని, నూలు ధర పెరిగితే షెడ్డు యజమాని మొదట కోసేది ఎవరి పనినో మీ విశ్వాసులకు తెలుసు. మీకు పదకొండేళ్ల కిందటి జ్ఞాపకంగా మాత్రమే తెలుసు. రోజంతా మగ్గం చప్పుడులో ఉండి చెవులు గింగురుమంటూ బుధవారం కూడికకు వచ్చి కునికిపాట్లు పడే మనిషి మీద మీకు ఇప్పుడున్న విసుగు, మీరు కూడా ఆ చప్పుడులో నుంచే వచ్చిన రోజున ఉండదు. ఆదివారం, బుధవారం సాయంత్రం, శుక్రవారం ప్రార్థన పూట మాత్రం వదలకండి. ఆ పనికి పోయే ముందు సంఘాన్ని కూర్చోబెట్టి, కానుకలు ఇంత, ఖర్చు ఇంత, అప్పు ఇంత అని ఒక నోటుపుస్తకం తెరిచి చదివి వినిపించండి. ఇద్దరు విశ్వాసులను, వారిలో ఒకరు స్త్రీ అయితే మరీ మంచిది, ఆ పుస్తకం రాయడానికి నియమించండి. యెరూషలేము పేదల కోసం పోగుచేసిన చందాను మోసుకుపోవడానికి పౌలు తానొక్కడే వెళ్లక సంఘాలు ఏర్పరచిన మనుషులను వెంటబెట్టుకున్నాడు, మనుషుల దృష్టికి కూడా యోగ్యంగా ఉండాలని దానికి కారణం చెప్పాడు. రేకుల అప్పు మందిరం అప్పు. అది మీ భార్య చెవుల మీద ఉండటం న్యాయం కాదు.

ఎనిమిది వేల రిపోర్టు విషయంలో నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. ముప్పై ఏళ్ల కిందట పలమనేరు వైపు పల్లెల్లో సేవ చేస్తున్నప్పుడు, నాకు నెల జీతం పంపే ఒక సంస్థ మూడు నెలలకొకసారి నివేదిక అడిగేది. ఒక విడతలో బాప్తిస్మం పొందినవారు ఆరుగురు. ముందు సంవత్సరపు వారిని కూడా కలిపి పదిహేడు అని రాశాను. ఎవరూ ఆరా తీయలేదు, మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది, తరువాతి విడతలో ఇరవై రావాలన్న ఆశాభావం కూడా అందులోనే ఉంది. ఆ ఇరవైని తీర్చడానికి, ఇంకా సిద్ధపడని ఇద్దరు యువకులను తొందరపెట్టి నీళ్లలో దించాను. వారిద్దరూ ఏడాది తిరక్కుండా సంఘానికి దూరమయ్యారు. పదిహేడు అన్న అంకెను నేను తరువాత ఉత్తరం రాసి సరిచేసుకోగలిగాను, జీతంలో కోత కూడా పడింది. ఆ ఇద్దరిని మాత్రం తిరిగి తేలేకపోయాను. తప్పుడు లెక్క కాగితం మీద ఆగదు, తరువాతి లెక్కను నిజం చేయడానికి మనుషులను వాడుకుంటుంది.

దీనికి చట్టం సంగతి కూడా ఉంది. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం, నమోదైన సంస్థ గాని, ముందస్తు అనుమతి పొందిన సంస్థ గాని మాత్రమే అలాంటి సేవలకు విదేశీ విరాళం తీసుకోవాలి. 2020లో వచ్చిన సవరణ తరువాత, అలా తీసుకున్న విరాళాన్ని ఆ సంస్థ ఇంకొక సంస్థకో వ్యక్తికో బదలాయించడానికి కూడా వీలు లేదు, డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. ‘నేను తెప్పించి మీకు పంచుతాను’ అనే ఆ పెద్దమనిషి దగ్గర ఏ నమోదు ఉన్నదో, మిమ్మల్ని తన సంస్థ ఉద్యోగిగా తీసుకుంటున్నాడో లేదో కాగితం మీద అడగండి. పాత ఫోటోలు ఫరవాలేదన్న నోటి నుంచి ఆ కాగితం వస్తుందని నేను అనుకోవడం లేదు.

ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారి కాలంలో, 1878 జులై 3న, ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన సంగతి తెలుగు క్రైస్తవులలో వినని వారుండరు. ప్రసంగాలలో మనం ఆ అంకెను ఊదరగొడతాము. దాని ముందు నడిచిన సంగతిని ఎందుకో చెప్పము. 1876 నుండి 1878 వరకు సాగిన ఆ మహా కరువులో ఆయన బకింగ్‌హాం కాలువలో ఒక భాగాన్ని తవ్వే కాంట్రాక్టు పట్టి వేలమందికి కూలి పని ఇచ్చాడు. అదే కాలంలో, కూటి కోసం మతంలోకి వస్తారేమోనన్న జాగ్రత్తతో, దాదాపు 15 నెలల పాటు ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు సాయం ముగిసిన తరువాతనే ఇచ్చాడు. జనం అడుగుతుండగా 15 నెలలు సున్నా అని రాసిన ఆ నివేదికలే నన్ను ఎక్కువగా ఆకట్టుకుంటాయి. మీరు కూడా ఈ నెల బాప్తిస్మాలు లేకపోతే లేవని రాయగలిగిన చోటనే సహాయం తీసుకోండి.

తిరుపతికి వెళ్లిన కుర్రవాని గురించి రాసినప్పుడు మీరు అతని పేరు రాయలేదు, ‘నేను బాప్తిస్మమిచ్చి వాక్యం నేర్పిన’ అన్న మాట మాత్రం అన్నిటికన్నా ముందు రాశారు. అది చదివి నవ్వుకున్నాను, ఎందుకంటే నా శిష్యుల గురించి నేను కూడా అలాగే మాట్లాడతాను. బాప్తిస్మమిచ్చు యోహాను శిష్యులు వచ్చి, నీవు సాక్ష్యమిచ్చినవాని దగ్గరికే అందరూ పోతున్నారని ఫిర్యాదు చేసినప్పుడు, ‘ఆయన హెచ్చవలసియున్నది, నేను తగ్గవలసియున్నది’ అని యోహాను చెప్పాడు. అయితే మీ కుర్రవాడు క్రీస్తు కాదు కదా, అతడు హెచ్చితే నేనెందుకు సంతోషించాలని మీరు అనవచ్చు. నిజమే, అందుకే ఈ వచనం కన్నా యిర్మీయా 45వ అధ్యాయం మీకు దగ్గరగా ఉంటుంది. అయిదే వచనాలు. బారూకు అనే లేఖకుడు యిర్మీయా చెప్పిన మాటలన్నీ సిరాతో రాశాడు. రాజైన యెహోయాకీము ఆ గ్రంథాన్ని చాకుతో కోసి కుంపటిలో కాల్చాడు. బారూకు మళ్లీ మొదటి నుంచి రాశాడు. మొదటిసారి రాసిన కాలంలోనే, మూలుగుతో అలసిపోయిన ఆ మనిషికి దేవుడు చెప్పిన మాట, ‘నీవు గొప్పవాటిని వెదకుచున్నావా? వెదకవద్దు’ అని. ఎక్కడికి వెళ్లినా నీ ప్రాణం కాపాడతానని మాత్రం మాట ఇచ్చాడు. బారూకు ఆ గొప్పవాటి కోసం ఎంత ఆశపడ్డాడో లేఖనం చెప్పదు, మనలోని ఆశ వల్ల మనకు అర్థమవుతుంది.

ఫలితం కనబడని పనికి మన పాత చిత్తూరు జిల్లాలోనే ఒక ఉదాహరణ ఉంది. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో 1915లో మొదలైన క్షయ రోగుల శానిటోరియానికి డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ అనే డెన్మార్క్ దేశస్థుడు మొదటి సూపరింటెండెంటు. క్షయకు పనిచేసే మొదటి మందు స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నది 1943లో. అంటే, దాదాపు ముప్పై ఏళ్ల పాటు ఆ వైద్యులకు, నర్సులకు ఆ రోగాన్ని చంపే మందంటూ లేదు. కొండగాలి, మంచి తిండి, విశ్రాంతి, కొన్ని శస్త్రచికిత్సలు, వీటితోనే రోజూ వార్డులు తిరిగారు. కొందరు కోలుకున్నారు, చాలామంది వారి చేతుల్లోనే పోయారు. ఆ వరండాలలో నడిచినప్పుడల్లా నాకు కలిగే ఆలోచన ఒకటే. ఆనాటి నర్సు రోగి పక్క దుప్పటి మార్చినప్పుడు, మందు ఎప్పుడు వస్తుందో ఆమెకు తెలియదు, వస్తుందన్న హామీ కూడా ఎవరూ ఇవ్వలేదు. అయినా ఆ రోజు దుప్పటి మార్చవలసి ఉంది కాబట్టి మార్చింది. మీ ముప్పై మందిలో ఎవరి దుప్పటి ఈ వారం మార్చవలసి ఉందో మీకు తెలుసు, తిరుపతిలో ఉన్నవానికి తెలియదు.

వెళ్లిపోయిన రెండు కుటుంబాల దగ్గరికి ఒక్కసారి వెళ్లండి. ఎందుకు వెళ్లారని అడగకండి, పిల్లల చదువు, ఇంటి ఆరోగ్యం కనుక్కొని, ప్రార్థన చేసి, కాఫీ ఇస్తే తాగి రండి. ఆదివారం ప్రసంగంలో వాళ్లనుద్దేశించి చురకలు వేయకండి, అది వినేది వాళ్లు కాదు, మిగిలిన ముప్పై మంది. మీ శిష్యునికి ఫోను చేసి, వాళ్లను బాగా చూసుకొమ్మని అప్పగించండి. ఆ ఫోను చేయడం మీకు రేకులు మోసిన దాని కన్నా బరువుగా ఉంటుందని నాకు తెలుసు. అతనికి ఉన్న శోధనలు మీకు లేవు. వేలమంది చూస్తుండగా నిజం మాట్లాడటం ముప్పై మంది ముందు మాట్లాడటం కన్నా తేలికని ఎవరన్నారు?

మైకు సంగతి చిన్నది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడుస్పీకరు వాడకూడదు, పగలు కూడా అనుమతి కావాలి. ముప్పై మందికి అసలు మైకు ఎందుకండీ? మీ గొంతు చాలు. ఆ పెట్టెను బయటి గోడ మీద నుంచి దింపి, పక్కింటివాళ్లకు మీరే వెళ్లి ఆ మాట చెప్పండి. రాత్రి వేళ పాప చదువుకోవడానికి కూడా నెమ్మదిగా ఉంటుంది.

ఈ ఉత్తరం మీ భార్యకు తెలియదని రాశారు. ఈ జవాబును మొదట ఆమెకు చదివి వినిపించండి, నిద్ర గురించి రాసిన భాగాన్ని దాటవేయకుండా. ఆ మధ్యాహ్నం ఉపవాసమని మీరు చెప్పినప్పుడు ఆమె లోపలి గదిలో ఉండి వినే ఉంటుంది. దాని గురించి ఆమెకేమి అనిపించిందో ఇప్పటివరకు మీరు అడిగి ఉండరు. కమ్మల కుదువ రసీదు ఎక్కడుందో, దానిని తిరిగి రాయించవలసిన తేదీ ఎప్పుడో కూడా ఆమెతో కూర్చుని చూడండి. ఆ తేదీని సంఘం నోటుపుస్తకం మొదటి పేజీలో ఆమె చేతనే రాయించండి.